కూటమిలో చీలిక వస్తే డ్రైవర్‌కు దారేది? ఖతార్ దిగ్బంధం నుంచి బ్రెగ్జిట్ దాకా

2017 జూన్ 5, సోమవారం. గల్ఫ్‌లో ఆ రోజు పదో రోజా. సహరీ ముగించుకుని ఫోన్ తెరిచిన వాళ్లకు మొదటి వార్త అదే: సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు దేశాలు ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. నేల, నీరు, గాలి మూడు దారులూ మూసేస్తున్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో గల్ఫ్‌తో సంబంధం లేని గల్లీ దొరకడం కష్టం. ఒకే ఇంట్లో ఒక కొడుకు దోహాలో, ఇంకొకడు దమ్మామ్‌లో, అల్లుడు షార్జాలో ఉండటం ఇక్కడ మామూలు. ఆ పొద్దు ఆ ఇళ్లకు వచ్చిన ప్రశ్న రాజకీయాలది కాదు. మనోడు ఈద్‌కు ఇంటికొస్తాడా, రాడా అన్నదే.

దేశాలు కలిసి ఒక కూటమి కడతాయి. సరుకు, మనుషులు, బండ్లు సులువుగా తిరిగేలా ఒప్పందాలు రాసుకుంటాయి. తర్వాత ఒక దేశం బయటికి పోతుంది, లేదా దాన్ని బయట పెడతారు. పేపర్లు సుంకాల గురించి, చమురు గురించి రాస్తాయి. స్టీరింగ్ పట్టుకున్నోడికి, టికెట్ కొనుక్కున్నోడికి ఏమవుతుందన్నది లోపలి పేజీల్లో కూడా దొరకదు. ఈ మధ్యకాలంలో అట్లాంటివి రెండు పెద్ద ఉదాహరణలు ఉన్నాయి. ఒకటి ఖతార్, రెండోది బ్రిటన్. మన జిల్లాల వాళ్లకు మొదటిదే దగ్గరిది కాబట్టి ఎక్కువ మాట దాని గురించే.

జీసీసీ: ఎవరికి కలిపిన కూటమి?

గల్ఫ్ సహకార మండలి, అదే జీసీసీ, 1981 మే 25న అబుదాబీలో మొదలైంది. సౌదీ, యూఏఈ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్ ఇందులో సభ్యులు. 2003 జనవరి 1 నుంచి ఈ ఆరు దేశాలు కస్టమ్స్ యూనియన్‌గా మారాయి. బయటి నుంచి వచ్చే చాలా సరుకుల మీద ఆరింటిలోనూ ఒకే దిగుమతి సుంకం, 5 శాతం. ఏదో ఒక రేవులో ఒకసారి సుంకం కడితే, ఆ సరుకు మిగతా దేశాలకు మళ్లీ కట్టకుండా పోవచ్చు. 2008 జనవరి నుంచి ఉమ్మడి మార్కెట్ కూడా ప్రకటించారు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ సౌకర్యాల్లో మనుషులకు సంబంధించినవన్నీ ఆ దేశాల పౌరులకే. ఖతారీ పౌరుడు తన ఐడీ కార్డు చూపి సౌదీలోకి పోగలడు. అదే ఖతారీ ఇంట్లో డ్రైవర్‌గా ఉన్న కోరుట్ల అబ్బాయికి ఆ హక్కు లేదు. అతని రెసిడెన్సీ ఖతార్‌ది మాత్రమే. సౌదీలో కాలు పెట్టాలంటే సౌదీ వీసా వేరే కావాలి. సౌదీ ఇకామా ఉన్నోడు దుబాయ్ పోవాలన్నా అంతే. కూటమి ఉన్నా మన కాగితాలు ఎప్పుడూ ఒక్క దేశానివే.

అయితే కూటమి చీలితే మనకు పోయేదేముంది అని అడగొచ్చు. హక్కు లేకపోయినా మనోళ్లు దారులు వాడుకునేవారు. కఫీల్ బండి వెనక, కంపెనీ ట్రక్కులో, చవక టికెట్‌లో, ఉమ్రా బస్సులో పోయేవారు. మూసుకుపోయినవి ఆ దారులే.

ఉన్నది ఒక్కటే నేల దారి

ఖతార్ మ్యాప్ చూస్తే మూడు దిక్కుల సముద్రం. నేల సరిహద్దు ఒక్క సౌదీతోనే, గేటు కూడా ఒక్కటే. ఖతార్ వైపు దాని పేరు అబూ సమ్రా, సౌదీ వైపు సల్వా. దోహా నుంచి గంటన్నర లోపు ప్రయాణం. దోహా నుంచి దుబాయ్‌కి రోడ్డు మీద పోవాలన్నా ఈ గేటు దాటి, సౌదీలో కొంత దూరం నడిచి, బత్హా దగ్గర యూఏఈలోకి దిగాలి. అంటే ఈ ఒక్క గేటుకు తాళం పడితే ఖతార్ నుంచి ఏ దేశానికీ బండి పోదు.

జూన్ 5న పడింది ఆ తాళమే. ఖతార్ తినే తిండిలో దాదాపు 40 శాతం ఆ గేటు నుంచే వచ్చేదని అప్పటి వార్తాసంస్థలు లెక్కగట్టాయి. సౌదీ వైపు పాలు, కోళ్లు, కూరగాయలు నింపుకున్న ట్రక్కులు వరసగా నిలిచిపోయాయి. దోహా సూపర్ మార్కెట్లలో మొదటి రోజే అరలు ఖాళీ అయ్యాయి. కొద్ది రోజుల్లోనే టర్కీ నుంచి, ఇరాన్ నుంచి విమానాల్లో, ఓడల్లో సరుకు దిగింది కాబట్టి ఆకలి దాకా పోలేదు. తర్వాత పాల కోసం ఆవులనే విమానాల్లో తెచ్చుకున్నారు. అది వేరే కథ.

ట్రక్కు డ్రైవర్ సంగతి చూద్దాం. దమ్మామ్ నుంచి దోహాకు లోడ్ తోలేవాడికి జీతంతో పాటు ట్రిప్పు డబ్బులే అసలు ఆదాయం. లైన్ ఆగితే ట్రిప్పు ఆగుతుంది. సౌదీ లోపల వేరే రూట్ దొరికే దాకా గది అద్దె, తిండి చేతి నుంచి పోతాయి. ఇంటికి వచ్చే నెల డబ్బులో కోత పడేది అక్కడే. ఉద్యోగం పోయినట్టు ఎవరూ రాసివ్వరు. ఏ లెక్కలోనూ అది నష్టంగా కనిపించదు.

మన దగ్గర దీనికి చిన్న పోలిక ఉంది. 2014 జూన్ 2న తెలంగాణ విడిగా వచ్చింది. 2015 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్ రవాణా బండ్ల మీద తెలంగాణ విడి పన్ను మొదలుపెట్టింది, అటు వైపు కూడా అదే పని చేసింది. నిన్నటిదాకా ఒకే రాష్ట్రం పర్మిట్ మీద విజయవాడ పోయొచ్చిన లారీకి రాత్రికి రాత్రి చెక్‌పోస్టు వచ్చింది. అక్కడ డబ్బు కడితే గేటు లేచేది. సల్వా దగ్గర డబ్బు కట్టి దాటే వీలు లేదు.

ఎక్కువ దెబ్బ తిన్నది ఎవరు?

మొదట గుర్తుకురావాల్సినవాళ్లు ఒంటెల కాపరులు. ఖతారీ యజమానులు చాలామంది తమ ఒంటెలను, గొర్రెలను సౌదీ వైపు ఎడారిలో మేపేవారు. మేత అక్కడ ఎక్కువ, సరిహద్దు దాటడం సులువు. మందలతో పాటు పనివాళ్లనూ తీసుకుపోయేవారు. ఆ పనివాళ్లలో భారతీయులున్నారు, నేపాలీలున్నారు, సూడాన్ వాళ్లున్నారు. వాళ్ల వీసా ఖతార్‌ది, ఉన్న చోటు సౌదీ.

సౌదీ ఉత్తర్వుతో ఖతారీ పౌరులు 14 రోజుల్లో వెళ్లిపోవాల్సి వచ్చింది. యజమానులు వెళ్లిపోయారు. వేల ఒంటెలు, గొర్రెలను సరిహద్దు అవతలికి తోలేశారు. దారిలోనే చాలా చచ్చాయి. పనివాళ్లలో కొందరు వెనకే ఉండిపోయారు. యజమాని తిరిగి రాలేడు, పనివాడు గేటు దాటలేడు. నీళ్లు, తిండి పంపే మనిషి లేకుండా ఎడారిలో చిక్కుకున్న వలస కార్మికుల గురించి హ్యూమన్ రైట్స్ వాచ్ 2017 జూలైలోనే రాసింది.

వీళ్ల తప్పేమీ లేదు. కానీ కాగితం మీద చూస్తే వీళ్లు సౌదీలో ఉద్యోగులు కారు, సౌదీలో కఫీల్ లేడు, ఇకామా లేదు. ఖతార్ వీసా చేతిలో ఉన్నా ఖతార్‌కు పోయే దారి లేదు. ఒక దేశం వీసా మీద ఇంకో దేశంలో పని చేయించడం అంటే ఏమిటో మామూలు రోజుల్లో తెలియదు. గేటు పడ్డ రోజు తెలుస్తుంది. హౌస్ డ్రైవర్‌గా పోయి, కఫీల్ కుటుంబాన్ని తీసుకుని పక్క దేశం పోయి నెలల తరబడి అక్కడే ఉండే డ్రైవర్ పరిస్థితి కూడా ఇదే. ఆ బండి పేరు కఫీల్‌ది, ఆ ప్రయాణం కఫీల్‌ది, ఇరుక్కునేది మాత్రం డ్రైవర్.

టికెట్లు: దగ్గరి దారి దూరమైంది

జూన్ 6 నుంచి ఎమిరేట్స్, ఎతిహాద్, ఫ్లై దుబాయ్, ఎయిర్ అరేబియా, గల్ఫ్ ఎయిర్, సౌదియా సంస్థలు దోహా విమానాలు ఆపేశాయి. ఖతార్ ఎయిర్‌వేస్‌కు ఆ నాలుగు దేశాల్లో 18 నగరాలు పోయాయి. ఆ దేశాల ఆకాశం కూడా మూసుకుపోవడంతో దోహా నుంచి లేచిన ఖతార్ విమానాలు ఇరాన్ మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది.

దోహా–హైదరాబాద్ నేరు విమానం ఆగలేదు. కానీ నేరు విమానం ఎప్పుడూ ఖరీదే. జీతం తక్కువ ఉన్నోళ్లు షార్జా, దుబాయ్, బహ్రెయిన్‌లో మారే టికెట్ కొనేవారు. ఆ టికెట్లన్నీ ఒక్క రోజులో చెల్లని కాగితాలయ్యాయి. డబ్బు వాపస్ ఇస్తామని ఎయిర్‌లైన్లు చెప్పాయి. కానీ వాపస్ వచ్చేది పాత రేటు. కొత్తగా కొనాల్సింది ఈద్ సీజన్ రేటు. మధ్యలో తేడా ఎవరు కట్టాలి? ప్రయాణికుడే.

పైగా ఖతార్ రెసిడెన్సీ ఉన్న విదేశీయులకు యూఏఈలో వీసా ఆన్ అరైవల్ కూడా ఆగింది. దోహాలో ఉన్న తమ్ముడు రెండు రోజులు దుబాయ్‌లో ఉన్న అన్నను చూసి ఇంటికి పోదామనుకుంటే, ఆ ప్లాన్ అక్కడికే సరి.

అప్పట్లో ఖతార్‌లో భారతీయులు సుమారు ఆరున్నర లక్షల మంది. విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ఇది జీసీసీ లోపలి వ్యవహారమని, మన ఆందోళన అక్కడున్న భారతీయుల గురించేనని చెప్పారు. పౌర విమానయాన మంత్రిగా అప్పుడున్నది మన విజయనగరం అశోక్ గజపతి రాజు. ఈద్ రద్దీ కోసం జూన్ ఆఖరు నుంచి జూలై మొదటి వారం దాకా అదనపు విమానాలు ఏర్పాటు చేశారు. ప్రకటించినవి ప్రధానంగా కేరళకు, ముంబయికి. ఉత్తర తెలంగాణ వాళ్లకు ముంబయి కొత్త కాదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో తెరవకముందు ఒక తరం మొత్తం ముంబయి మీదుగానే గల్ఫ్ పోయింది. ఆ అలవాటే కొందరికి మళ్లీ పనికొచ్చింది.

దారులు మూసిన మూడు దేశాలు కాక జీసీసీలో మిగిలిన రెండూ, కువైట్, ఒమన్, ఏ వైపూ చేరలేదు. దోహా నుంచి సౌదీకి, దుబాయ్‌కి పోవాల్సినవాళ్లు అప్పటి నుంచి కువైట్‌లోనో మస్కట్‌లోనో దిగి, ఇంకో విమానం ఎక్కి పోయేవారు. గంటంబావులో పోయే దుబాయ్‌కి సగం రోజు పట్టేది. మూడున్నరేళ్లు అదే పద్ధతి నడిచింది.

ఉమ్రా బస్సు ఆగిన మూడున్నరేళ్లు

దోహా నుంచి మక్కా రోడ్డు మీద సుమారు 1,450 కిలోమీటర్లు. అబూ సమ్రా దాటి, హుఫూఫ్, రియాద్ మీదుగా పోతుంది. విమానం టికెట్ పెట్టలేని కార్మికులకు ఆ బస్సు పెద్ద ఆసరా. సెలవు రోజులు కలుపుకుని, నలుగురు స్నేహితులు కలిసి, ఒక గ్రూపులో పేరు రాయించుకుని పోయేవారు. ఇక్కడి నుంచి ఉమ్రాకు పోవాలంటే ఒక కుటుంబానికి ఏళ్ల పొదుపు కావాలి. గల్ఫ్‌లో ఉన్నోడికి ఆ నేల మీద ఉండటం వల్ల దొరికే ఒక్క మేలు ఇది. బీడీలు చుట్టే అమ్మ కొడుకుకు ఫోన్‌లో మొదట చెప్పేది కూడా, అక్కడున్నప్పుడే ఉమ్రా చేసిరా బేటా అనే.

రంజాన్ మధ్యలో గేటు పడింది. ఆ నెల ఉమ్రాకు పేరు ఇచ్చుకున్నోళ్ల బస్సులకు దారి లేకుండా పోయింది. 2017 ఆగస్టు 17న సౌదీ రాజు సల్మాన్ హజ్ కోసం ఖతారీ యాత్రికులకు సల్వా గేటు తెరవమని ఆదేశించారు. అది కొన్నాళ్ల ముచ్చటే. ఖతార్‌లో ఉన్న విదేశీ కార్మికులకు బస్సు దారి మాత్రం రాలేదు. కువైట్, మస్కట్ మీదుగా విమానంలో పోవడానికి డబ్బు ఉన్నవాళ్లు పోయారు. లేనివాళ్లు కాంట్రాక్టు ముగించుకుని, దగ్గరిదాకా పోయి కూడా మక్కా చూడకుండా ఇంటికొచ్చారు.

ఇప్పుడు ఈ విషయంలో పరిస్థితి మెరుగు. 2023 మార్చిలో సౌదీ ఒక మార్పు తెచ్చింది. జీసీసీ దేశాల్లో రెసిడెన్సీ ఉన్న విదేశీయులు ఏ వృత్తిలో ఉన్నా సౌదీ టూరిస్ట్ ఈ–వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు. రెసిడెన్సీకి కనీసం మూడు నెలలు, పాస్‌పోర్ట్‌కు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఆ వీసా మీద ఉమ్రా చేయొచ్చు, హజ్ సీజన్‌లో హజ్ మాత్రం చేయకూడదు. అంతకుముందు కొన్ని ఉద్యోగాల వాళ్లకే ఆ వీలుండేది. రెసిడెన్సీ కార్డు మీద డ్రైవర్ అనో లేబర్ అనో ఉన్నోడికి ఎంత తేడా వచ్చిందో చెప్పనక్కర్లేదు.

సరుకు, రియాల్, పెట్రోల్

ఖతార్‌కు పెద్ద ఓడలు నేరుగా రావడం అప్పటిదాకా తక్కువ. సరుకు దుబాయ్ జెబెల్ అలీ రేవులో దిగి, అక్కడి నుంచి చిన్న ఓడల్లోనో ట్రక్కుల్లోనో దోహాకు వచ్చేది. కస్టమ్స్ యూనియన్ వల్ల సుంకం తలనొప్పి లేదు. ఆ దారి పోయాక ఖతార్ ఒమన్ రేవులు సోహార్, సలాలా వైపు తిరిగింది. కొద్ది నెలల్లో గుజరాత్ ముంద్రా నుంచి, ముంబయి పక్కన నవశేవా నుంచి దోహా దగ్గరి హమద్ రేవుకు నేరు ఓడలు మొదలయ్యాయి. బండి విడిభాగాలు, టైర్లు లాంటివి కొత్త దారిలో రావడానికి మొదట్లో రోజులు ఎక్కువ పట్టింది, కిరాయి పెరిగింది. తర్వాత సర్దుకుంది.

ఖతార్ రియాల్ విషయంలో భయం ఎక్కువ, నష్టం తక్కువ. ఒక డాలర్‌కు 3.64 రియాల్స్ అన్న కట్టు రేటును ఖతార్ వదల్లేదు. దేశం లోపల జీతం తీసుకుని, బ్యాంకు ద్వారా ఇంటికి పంపినవాళ్లకు పెద్ద తేడా రాలేదు. ఇబ్బంది పడింది జేబులో నోట్లు పెట్టుకుని వేరే దేశంలో దిగినవాళ్లు. 2017 జూన్ చివర్లో బ్రిటన్‌లో కొన్ని బ్యాంకులు ఖతార్ రియాల్ మార్చడం ఆపేశాయి. కామర్స్ పుస్తకంలో లేని పాఠం ఇది. కట్టు రేటు బ్యాంకు కౌంటర్ దగ్గర పనిచేస్తుంది కానీ, పక్క దేశపు ఎక్స్ఛేంజ్ షాపు ఆ నోటు తీసుకోను అంటే రేటు ఎంత ఉన్నా లాభం లేదు.

పెట్రోల్ గురించి ఒక అపోహ తీర్చాలి. 2018 డిసెంబర్ 3న ఖతార్ ఒపెక్ నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. 2019 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 1961 నుంచి ఉన్న సభ్యత్వం అది. ఇక్కడ కొందరు దీన్ని జీసీసీ గొడవతో కలిపేసి, ఖతార్ జీసీసీ వదిలేసిందని అనుకున్నారు. ఖతార్ ఏనాడూ జీసీసీ వదల్లేదు. వదిలింది ఒపెక్‌ని, అంటే చమురు ఎంత తీయాలో కలిసి నిర్ణయించుకునే దేశాల సంఘాన్ని. ఒపెక్ ఉత్పత్తిలో ఖతార్ వాటా 2 శాతం చుట్టుపక్కల. దాని అసలు సంపద గ్యాస్. కాబట్టి ఒపెక్ వదిలినందుకు దోహాలో ట్యాక్సీ నడిపేవాడికి గానీ, జగిత్యాలలో ఆటో నడిపేవాడికి గానీ బంకు దగ్గర చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఏ కూటమి వదిలారన్నదాన్ని బట్టి ఫలితం ఉంటుంది. సరిహద్దు, కస్టమ్స్, వీసాతో సంబంధం ఉన్న కూటమి అయితే రోడ్డు మీద ఉన్నోడికి దెబ్బ. ఉత్పత్తి కోటాల సంఘం అయితే అంత తొందరగా తగలదు.

బ్రిటన్: తానే తప్పుకున్న దేశం

ఖతార్‌ను బయట పెట్టారు. బ్రిటన్ తానే ఓటు వేసుకుని బయటికొచ్చింది. యూరోపియన్ యూనియన్‌తో పాత ఏర్పాట్లన్నీ 2020 డిసెంబర్ 31 రాత్రితో ముగిశాయి. తొమ్మిది రోజుల తర్వాత సల్వా గేటు తెరుచుకుంది. ఒక మూల దారి మూసుకుంటుంటే ఇంకో మూల దారి తెరుచుకున్న వారాలు అవి.

బ్రిటన్ కారు యజమానికి మారినవి చిన్న చిన్న విషయాలే, కానీ చాలా ఉన్నాయి. కారు తీసుకుని ఫ్రాన్స్ పోవాలంటే ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి గ్రీన్ కార్డ్ అనే అదనపు పత్రం తెచ్చుకోవాల్సి వచ్చింది. 2021 ఆగస్టు 2న ఈయూ ఆ నిబంధన ఎత్తేసింది. కారు వెనక ఉండే జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ 28 నుంచి చెల్లలేదు, యూకే అని ఉన్నది అతికించుకోవాలి. బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు 180 రోజుల్లో 90 రోజులకు మించి షెంజెన్ దేశాల్లో ఉండకూడదు. మాంసం, పాల పదార్థాలు వెంట తీసుకుపోకూడదు. 2021 జనవరిలో నెదర్లాండ్స్ రేవులో కస్టమ్స్ వాళ్లు బ్రిటన్ లారీ డ్రైవర్ల దగ్గర మాంసం శాండ్‌విచ్‌లు లాక్కోవడం టీవీల్లో వచ్చింది. (లండన్‌లో చదివే పిల్లలకు మటన్ పచ్చడి కట్టి పంపే తల్లులకు చిన్న మాట: భారత్ నుంచి బ్రిటన్‌కు కూడా మాంసం, పాలు తీసుకుపోనివ్వరు. దీనికీ బ్రెగ్జిట్‌కూ సంబంధం లేదు.)

బ్రిటన్‌లో చదివే, పనిచేసే తెలుగువాళ్లలో భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకు వీసా విషయంలో తేడా రాలేదు. బ్రిటన్ ఎప్పుడూ షెంజెన్‌లో లేదు. పారిస్ చూడాలంటే వాళ్లకు షెంజెన్ వీసా అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి. గల్ఫ్ కథే ఇక్కడా. కూటమి సౌకర్యం పౌరులది, వలస వచ్చినోడి వీసా ఒక్క దేశానిది.

అయితే 2021 సెప్టెంబర్ చివర్లో వచ్చిన పెట్రోల్ క్యూలు ఏ పాస్‌పోర్టునూ వదల్లేదు. బంకుల ముందు గంటల తరబడి వరసలు. దేశంలో పెట్రోల్ ఉంది, తోలే ట్యాంకర్ డ్రైవర్లు లేరు. కరోనా వల్ల డ్రైవింగ్ పరీక్షలు ఆగాయి, పాతవాళ్లు రిటైర్ అయ్యారు, యూరప్ డ్రైవర్లు చాలామంది స్వదేశాలకు పోయి తిరిగి రాలేదు. బ్రెగ్జిట్ తర్వాత వాళ్లు రావాలంటే వీసా కావాలి. ప్రభుత్వం హడావుడిగా 5,000 తాత్కాలిక వీసాలు ప్రకటించి, సైన్యాన్ని కూడా ట్యాంకర్లు ఎక్కించింది. పరాయి దేశం నుంచి వచ్చి బండి తోలేవాడి విలువ ఒక దేశానికి అట్లా తెలిసొచ్చింది. మన ప్రాంతం నుంచి ఏటా డ్రైవర్లను పంపే ఇళ్లకు ఈ వార్త అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థం కాదేమో.

గేటు తెరిచాక

2021 జనవరి 5న సౌదీలోని అల్–ఉలాలో జీసీసీ నాయకులు ఒప్పందం మీద సంతకాలు చేశారు. జనవరి 9న సల్వా–అబూ సమ్రా దారి తెరిచారు. 11న దోహా–రియాద్ విమానాలు మొదలయ్యాయి. అప్పటికి కరోనా నిబంధనలు ఉన్నాయి కాబట్టి కార్మికులకు రోడ్డు దారి నిజంగా అందడానికి ఇంకొంత కాలం పట్టింది.

గేటు తెరిచినంత మాత్రాన కఫీల్ బండి తీసుకుని ఎటైనా పోవచ్చని కాదు. గల్ఫ్ దేశాల లైసెన్సును పక్క గల్ఫ్ దేశం కొద్దిరోజుల ప్రయాణానికి సాధారణంగా ఒప్పుకుంటుంది. కానీ బండి ఇస్తిమారా ఎవరి పేర ఉందో వాళ్ల అనుమతి పత్రం, పక్క దేశానికి చెల్లే ఇన్సూరెన్స్, ఆ దేశపు వీసా మూడూ చేతిలో ఉండాలి. ఖతార్ ఈ విషయంలో 2024లో నిబంధనలు బిగించింది. బండిని దేశం దాటించాలంటే ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉండకూడదు, తోలేవాడు యజమాని అయ్యుండాలి లేదా యజమాని ఒప్పుకున్నట్టు రుజువు చూపాలి. 2024 సెప్టెంబర్ 1 నుంచి జరిమానాలు బాకీ ఉన్న మనిషి ఏ దారిలోనూ ఖతార్ దాటి పోలేడు, విమానంలో కూడా. కఫీల్ బండి మీద పడ్డ జరిమానా ఎవరి ఖాతాలో ఉందో సెలవుకు బయలుదేరే వారం ముందే చూసుకోవడం మంచిది. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర తెలిస్తే టికెట్ పోతుంది.

గడువు విషయం కూడా ఉంది. ఖతార్, యూఏఈ రెసిడెన్సీ ఉన్నవాళ్లు మామూలుగా ఆరు నెలలకు మించి బయట ఉంటే ఆ రెసిడెన్సీ పోతుంది. సౌదీలో ఎగ్జిట్ రీ–ఎంట్రీ మీద ఎన్ని రోజులు రాసి ఉంటే అన్నే. దారులు మూసుకున్నప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నవాళ్లు ఈ తేదీలు లెక్కపెట్టుకోవాలి. దారి మూసింది వాళ్లే అయినా గడువు దానంతటది పెరగదు.

పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ ఈసీఆర్ రకం. ఆరు గల్ఫ్ దేశాలూ ఈసీఆర్ జాబితాలో ఉన్నాయి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఏ దేశానికి, ఏ యజమానికి తీసుకున్నారో ఆ కాగితం కాపీ, వీసా కాపీ, పాస్‌పోర్ట్ కాపీ ఇంట్లో ఉండాలి. ఫోన్‌లో ఫొటో సరిపోతుంది. ఈ క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. 2017లో మార్చిన నిబంధనల ప్రకారం యజమాని మారినా, పనిచేసే చోటు మారినా ఈ బీమా చెల్లుతుంది. ఖతార్ వీసా మీద పోయి సౌదీ వైపు ఉన్నప్పుడు ఏదైనా జరిగితే ఇంటోళ్లకు ముందుగా అక్కరకొచ్చేది ఈ పాలసీ నంబరే. ఏజెంటు కట్టాడులే అని ఊరుకోకుండా, ఆ పాలసీ కాగితం అడిగి తీసుకోవాలి.

ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఇంటోళ్లు అడగాల్సింది కూడా ఉంది. తిన్నావా, జీతం పడ్డదా అన్నవాటితో పాటు, ఇప్పుడు ఏ దేశంలో ఉన్నావు, చేతిలో ఉన్న వీసా ఏ దేశానిది అని అడగాలి. రెండింటికీ ఒకే జవాబు రాకపోతే, పాస్‌పోర్ట్ ఎవరి దగ్గర ఉందో, తిరిగి వచ్చే తేదీ ఎప్పుడో, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబర్ ఫోన్‌లో ఉందో లేదో ఆ కాల్ పెట్టేయకముందే కనుక్కోవాలి.